కంప్యూటరులో ఒక ఊరు

2020 ఏప్రిల్‌లో మన సూర్యాపేటలో చాలా కరోనా కేసులు కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల బయటపడ్డాయి. ఇంటిపట్టున ఉండే ముసలమ్మ రోజుకు నలుగురిని కలిస్తే, తక్కెడ పట్టుకున్నవారు వందల మందిని కలుస్తారు. సగటు లెక్కలో ఈ తేడా కనబడదు.

అందుకే శాస్త్రవేత్తలు కంప్యూటరులోనే ఊరిని తయారు చేస్తారు. అందులో ప్రతి మనిషికీ వయసు, ఇల్లు, బడి లేదా పనిచోటు ఉంటాయి. ఒక్కొక్క రోజూ గడిపిస్తూ ఎవరి నుండి ఎవరికి జబ్బు అంటుతుందో చూస్తారు. అంటడం, అంటకపోవడం చీటీ తీసినట్లే గనుక అదే ఊరిని మళ్లీ మళ్లీ నడిపిస్తారు. బడి మూస్తే జబ్బు ఎంత తగ్గుతుంది, మార్కెట్‌ను నాలుగు చోట్ల పెడితే ఎంత తగ్గుతుంది అని పోల్చుకుంటారు. నిజమైన ఊరి మీద ఇలాంటి పరీక్ష చేయలేము కదా!

2020లో బెంగళూరు ఐఐఎస్‌సి, ముంబయి టిఐఎఫ్‌ఆర్ శాస్త్రవేత్తలు ఆ రెండు నగరాలకూ ఇలాగే చేశారు. ముంబయికి లోకల్ రైళ్లను, కిక్కిరిసిన బస్తీలను కూడా లెక్కలోకి తీసుకున్నారు.

ఇది జోస్యం కాదు. జ్వరం వచ్చినా కూలికి వెళ్లేవారు ఎందరో తప్పుగా అనుకుంటే జవాబూ తప్పుతుంది. ఆ సంగతి ఇల్లిల్లూ తిరిగితేనే తెలుస్తుంది. కాబట్టి ఆశా కార్యకర్త వచ్చి అడిగినప్పుడు జ్వరాన్ని దాచకండి.