పలక తుడిచే ముందు

అక్షరాలు దిద్దేటప్పుడు పలక నిండిపోతే ఏం చేస్తారు? తడిగుడ్డతో తుడిచేస్తారు. పలక మళ్లీ కొత్తదానిలా అవుతుంది. కాని తుడిచేసిన అక్షరం తిరిగి రాదు. నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్నది మాత్రమే మిగులుతుంది.

స్మార్ట్ ఫోను కూడా అంతే. దాన్ని పలక తుడిచినట్టు తుడిచేయవచ్చు. దీన్నే ఫ్యాక్టరీ రీసెట్ అంటారు. డబ్బాలోంచి తీసిన మొదటి రోజు ఫోను ఎంత ఖాళీగా ఉందో, మళ్లీ అంత ఖాళీ అవుతుంది.

ఈ మాటకు అర్థం తెలియక కొందరు నష్టపోతున్నారు. ఒక ఊళ్లో పొదుపు సంఘం సభ్యురాలు ఒకామె ఉంది. ఆమె ఫోను నెమ్మదించింది. నొక్కితే పలకదు. రిపేరు షాపుకు తీసుకెళ్లింది. "రీసెట్ చేస్తే బాగవుతుందమ్మా, చెయ్యనా?" అని షాపు కుర్రవాడు అడిగాడు. రీసెట్ అంటే బాగు చేయడమే అనుకుంది ఆమె. "చెయ్యి బాబూ" అంది. కాసేపటికి ఫోను బాగయింది. ఇంటికొచ్చి చూసుకుంటే చనిపోయిన భర్త గొంతు రికార్డు చేసి దాచుకున్నది లేదు. మనవడి చిన్నప్పటి ఫోటోలు లేవు. కుర్రవాడు మోసం చేయలేదు. అడిగే చేశాడు. ఆ మాటకు అర్థం ఆమెకు ఎవరూ చెప్పలేదు. అంతే.

ఏం పోతాయి? ఏం మిగులుతాయి?

ఫోను లోపల దాచినవన్నీ పోతాయి. ఫోటోలు, వీడియోలు, రికార్డులు, మెసేజీలు, ఫోనులోనే దాచిన నంబర్లు, తర్వాత ఎక్కించుకున్న యాప్‌లు అన్నీ పోతాయి.

సిమ్ కార్డులో ఉన్న నంబర్లు పోవు. మెమరీ కార్డు విడిగా ఉంటే, మామూలుగా దానిలోవి పోవు. గూగుల్ ఖాతాలోకి ముందే చేరినవి కూడా పోవు. గూగుల్ ఖాతా అంటే జీమెయిల్ పేరు, దాని పాస్‌వర్డ్. ఇది ఊరవతల ఉన్న లాకరు లాంటిది. ఫోను పోయినా లాకరులోది ఉంటుంది. తాళంచెవి మాత్రం మీ దగ్గర ఉండాలి. పాస్‌వర్డే ఆ తాళంచెవి.

డబ్బు సంగతేమిటి? కంగారు పడవద్దు. మీ డబ్బు బ్యాంకులో ఉంది, ఫోనులో లేదు. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లను మళ్లీ ఎక్కించుకోవచ్చు. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఫోనులో ఉంటే చాలు. యాప్ ఆ సిమ్ నుంచి ఒక మెసేజీ పంపి, మీరే అని తెలుసుకుంటుంది. యూపీఐ పిన్ మాత్రం ఎవరికీ చెప్పకూడదు. షాపు అతనికీ చెప్పకూడదు.

ఎప్పుడు చేయాలి?

ఫోను నెమ్మదిస్తే వెంటనే రీసెట్ చేయనక్కర లేదు. తలనొప్పికి ఎవరూ ఆపరేషన్ చేయించుకోరు కదా! ముందు ఫోను ఆపి, మళ్లీ ఆన్ చేయండి. వాట్సాప్‌లో వచ్చిన పనికిరాని వీడియోలు తీసేయండి. వాడని యాప్‌లు తీసేయండి. చాలాసార్లు దీంతోనే ఫోను తేలికపడుతుంది. అప్పటికీ బాగుపడకపోతే రీసెట్ చేయాలి. అది చివరి మందు.

ఫోను అమ్మేటప్పుడు, మార్చేటప్పుడు, ఇంకొకరికి ఇచ్చేసేటప్పుడు మాత్రం రీసెట్ తప్పనిసరి. పాత ఫోను ఇస్తే ప్లాస్టిక్ బకెట్టో, స్టీలు గిన్నో ఇస్తామని వీధుల్లోకి వస్తుంటారు. గిన్నె కోసం ఇచ్చిన ఫోనులో మీ ఇంటి ఆడపిల్లల ఫోటోలు ఉండవచ్చు. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం ఫోటోలు ఉండవచ్చు. 2024లో రామగుండం పోలీసులు ఇలా ఊళ్లలో సేకరించిన పాత ఫోన్లను దాదాపు 4000 పట్టుకున్నారు. వాటిని సైబర్ నేరగాళ్లకు చేరవేస్తున్నారని పోలీసులు చెప్పారు. గిన్నె ఖరీదు ఎంత? మీ ఇంటి గుట్టు ఖరీదు ఎంత? ఆలోచించండి.

పగిలిపోయి, వెలగని ఫోను అయినా సరే, లోపలి ఫోటోలు లోపలే ఉంటాయి. తుడవడానికి వీలు లేని ఫోనును ఎవరికీ ఇవ్వకపోవడమే మేలు.

ముందు దాచుకోవాలి

1. పాస్‌వర్డ్: మీ జీమెయిల్ పేరు, పాస్‌వర్డ్ మీకు తెలుసా? చాలామందికి ఫోను కొన్న రోజు షాపులోనో, పిల్లలో ఖాతా తెరిచి ఉంటారు. వారిని అడిగి తెలుసుకోండి. మీ చేత్తో పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం పెట్టెలో భద్రంగా పెట్టుకోండి. పాస్‌వర్డ్ మరిచిపోయి కొత్తది పెట్టుకుంటే, 24 గంటలు ఆగి అప్పుడు రీసెట్ చేయాలి.

2. నంబర్లు: నంబరు తెరిచి చూస్తే అది ఫోనులో ఉందో, సిమ్‌లో ఉందో, జీమెయిల్‌లో ఉందో తెలుస్తుంది. ఫోనులో ఉన్నవాటిని జీమెయిల్‌కు మార్చుకోవాలి. ముఖ్యమైన పది నంబర్లు పుస్తకంలో కూడా రాసుకోండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. ఛార్జింగు అయిపోయిన రోజున కూడా ఆ పుస్తకం పనికొస్తుంది.

3. ఫోటోలు: గూగుల్ ఫోటోస్ యాప్ తెరవండి. పైన కుడివైపు గుండ్రంగా ఉన్న గుర్తు నొక్కండి. బ్యాకప్ పూర్తయిందని ఉంటే ఫోటోలు లాకరు చేరినట్టే. కాని ఒక మెలిక ఉంది. కెమెరాతో తీసినవి ముందు చేరతాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు వేరే ఫోల్డరులో ఉంటాయి. ఆ ఫోల్డరుకు కూడా బ్యాకప్ ఆన్ చేస్తేనే అవి చేరతాయి. రికార్డు చేసిన గొంతులు ఫోటోస్ యాప్‌లోకి వెళ్లవు. వాటిని మెమరీ కార్డులోకో, పెన్ డ్రైవులోకో విడిగా ఎక్కించుకోవాలి.

ఇంకొక జాగ్రత్త. ఫోను ఎలాగూ ఖాళీ చేస్తున్నాం కదా అని, ఆ యాప్‌లో ఫోటోలను ఒక్కొక్కటిగా చెరిపేయకూడదు. అక్కడ చెరిపితే లాకరులో ఉన్నది కూడా చెరిగిపోతుంది. తుడిచే పని రీసెట్‌కే వదిలేయాలి.

4. వాట్సాప్: వాట్సాప్‌లో మూడు చుక్కల గుర్తు నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. చాట్స్ నొక్కి, చాట్ బ్యాకప్ నొక్కాలి. గూగుల్ ఖాతాలోకి బ్యాకప్ అవుతుంది. ఏ రోజు, ఏ టైముకు అయిందో అక్కడే కనిపిస్తుంది. ఆ తేదీ చదివి చూసుకోండి. గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చే చోటు 15 జీబీ. ఫోటోలు, వాట్సాప్ రెండూ అందులోనే పట్టాలి. చోటు నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది.

దాచిన తర్వాత ఒకసారి సరి చూసుకోండి. అదే జీమెయిల్‌తో ఇంట్లో పిల్లల ఫోనులో తెరిచి, ఫోటోలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. చూశాక ఆ ఫోనులోంచి మీ ఖాతా తీసేయండి. కనిపించకపోతే రీసెట్ ఆపండి.

రీసెట్ ఎలా చేయాలి?

ముందు ఫోనుకు నిండా ఛార్జింగు పెట్టండి. తుడవడానికి ఒక్కోసారి గంట కూడా పట్టవచ్చు. మధ్యలో ఆగకూడదు.

ఫోను వేరేవారికి ఇచ్చేస్తుంటే ఇంకో మూడు పనులు ఉన్నాయి. డబ్బు యాప్‌ల నుంచి లాగ్ అవుట్ అవ్వాలి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అనే చోట మీ గూగుల్ ఖాతాను తీసేయాలి. సిమ్ కార్డు, మెమరీ కార్డు బయటికి తీసి దాచుకోవాలి.

తర్వాత సెట్టింగ్స్ తెరవండి. సిస్టమ్ నొక్కండి. రీసెట్ ఆప్షన్స్ నొక్కండి. మొత్తం డేటా చెరిపేయాలి అనే వరుస ఉంటుంది. పక్కనే ఫ్యాక్టరీ రీసెట్ అని ఉంటుంది. ఒక్కో కంపెనీ ఫోనులో ఈ వరుస ఒక్కో చోట ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే గడిలో 'రీసెట్' అని రాయండి. అదే చూపిస్తుంది.

నొక్కగానే ఏమేం పోతాయో ఫోను ఒక జాబితా చూపిస్తుంది. తొందర పడి నొక్కవద్దు. ఒక్కో మాట కూడబలుక్కుని చదవండి. ఫోను లాకు నంబరు అడుగుతుంది. ఇచ్చాక, చివరగా ఇంకోసారి అడుగుతుంది. అప్పటిదాకా వెనక్కి రావచ్చు. ఆ తర్వాత రాలేరు.

ఫోను ఆగి, మళ్లీ వెలుగుతుంది. స్వాగతం చెబుతుంది, భాష అడుగుతుంది. అంటే తుడవడం పూర్తయింది. ఫోను మీదే అయితే అదే జీమెయిల్, అదే పాస్‌వర్డ్ ఇవ్వండి. వాట్సాప్‌ను అదే నంబరుతో తెరవండి. పాతవి తిరిగి తెమ్మంటావా అని అడిగితే సరే అనండి. వద్దంటే పాత మాటలు రావు.

పాత ఖాతా ఎందుకు అడుగుతుంది?

దొంగ ఫోనును ఎవరూ తుడిచి వాడుకోకుండా, 2015 నుంచి ఆండ్రాయిడ్‌లో ఒక తాళం వచ్చింది. ఖాతా తీయకుండా, దొడ్డిదారిన ఫోను తుడిస్తే, అది పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. చెప్పకపోతే తెరుచుకోదు. అందుకే పాస్‌వర్డ్ తెలియకుండా రీసెట్ చేస్తే మీ ఫోనే మీకు తాళం వేసుకుంటుంది.

వాడిన ఫోను కొనేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. ఆన్ చేసి చూడండి. వేరేవారి ఖాతా అడిగితే డబ్బు ఇవ్వవద్దు. అమ్మేవారిని ఖాతా తీసేసి ఇమ్మనండి. బిల్లు కూడా అడగండి.

ఎవరో ఫోను చేసి, "మేం చెప్పినట్టు నొక్కండి, మీ ఫోను బాగు చేస్తాం" అంటే నమ్మవద్దు. ఖాతాలో డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. సైబర్ నేరాల ఫిర్యాదుకు దేశమంతా ఇదే నంబరు.

చెప్పండి చూద్దాం

1. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పోయేవి ఏవి? మిగిలేవి ఏవి?
2. ఫోటోలను చేత్తో ఎందుకు చెరిపేయకూడదు?
3. మీ జీమెయిల్ పేరు ఏమిటి? పాస్‌వర్డ్ మీకు గుర్తుందా? ఎవరికీ చూపించకుండా, ఈ రోజే మీ పుస్తకంలో రాసుకోండి.