పోటు వేళ, ఆటు వేళ

అండమాన్ దీవుల్లో కుటుంబానికి దొరికే అసలైన తీరిక

డిసెంబరులో హేవ్‌లాక్ దీవికి వెళ్తే సాయంత్రం ఐదింటికే రాధానగర్ తీరంలో సూర్యుడు సముద్రంలోకి దిగిపోతాడు. ఐదున్నర దాటాక చీకటే. దేశమంతటికీ సమయం ఒక్కటే అయినా, దాన్ని లెక్కగట్టేది మన కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం మీద. ఈ దీవులేమో 93 డిగ్రీల దాపున ఉన్నాయి. అందుకే అక్కడ సూర్యుడు మనకంటే దాదాపు 40 నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. ఇంటిదగ్గర పదకొండైనా ఫోను వదలని పిల్లలు ఇక్కడ ఎనిమిదింటికే ఆవులిస్తారు, తెల్లవారుజామున ఎవరూ లేపకుండానే లేచి కూర్చుంటారు. సెలవు మొదలైందనడానికి నాకు ఇంతకన్నా మంచి గుర్తు కనబడదు.

కానీ మనం కట్టుకునే ప్రయాణాలు ఈ తీరికను దక్కనివ్వవు. ఐదు రోజుల్లో సెల్యులార్ జైలు, రాస్ దీవి, బారాటాంగ్ గుహలు, హేవ్‌లాక్, నీల్ అన్నీ చూపిస్తామంటారు. బారాటాంగ్‌కి రోడ్డు మీద పోవాలంటే అర్ధరాత్రి దాటాక లేచి, వాహనాల వరుసలో నిలబడాలి. ఆ రోడ్డు జారవా ఆదివాసుల అడవి గుండా సాగుతుంది. అక్కడ ఆగకూడదు, వాళ్లను ఫొటో తీయకూడదు. మన విహారం కోసం వాళ్ల నట్టింట్లోంచి పోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆ ఒక్కటీ తీసేస్తే కుటుంబానికి ఒక రోజంతా మిగులుతుంది.

మిగిలిన రోజుల్ని నీల్ దీవికి ఇవ్వండి. 2018లో దీనికి షహీద్ ద్వీప్ అనీ, హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అనీ పేర్లు పెట్టారు. జెట్టీలో మాత్రం నీల్, హేవ్‌లాక్ అనే అంటారు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలు ఇక్కడ అడవి కొట్టి పొలాలు చేసుకున్నాయి. దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు కూరగాయలు పోయేది ఇక్కణ్నుంచే. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని రామాయణం పేర్లు పెట్టుకున్న తీరాలు. ఒక కొస నుంచి మరో కొసకు సైకిలు మీద పోయిరావచ్చు.

ఇక్కడ రోజును నడిపేది ఆటుపోట్లు. నీరు నిండడానికి ఆరు గంటల పైచిలుకు, తీయడానికి మరో ఆరు గంటల పైచిలుకు పడుతుంది. నిన్నటి వేళకంటే ఇవాళ సుమారు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా లోపలికి పోతుంది. మన పల్లెకారులకు ఇది పుట్టుకతో వచ్చే లెక్క. పట్నం పిల్లలకు మాత్రం కళ్లముందు జరిగే వింత. పొద్దున ఈత కొట్టిన చోట మధ్యాహ్నానికి రాళ్లు తేలతాయి. లక్ష్మణ్‌పూర్ దగ్గర, సముద్రం తొలిచిన రాతి వంతెన కింద, గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ గుంటల్లో నక్షత్రం ఆకారపు జీవులు, నల్లటి సముద్ర దోసకాయలు, గుల్లను ఇల్లుగా మోసుకు తిరిగే పీతలు. పిల్లలకు రబ్బరు చెప్పులు వేయండి, పగడాల మీద అడుగు పెట్టనివ్వకండి. అవి రాళ్లలా కనిపించినా ప్రాణమున్న జీవులే. 2010లో సముద్రం వేడెక్కి ఈ దీవుల పగడాలు చాలా భాగం తెల్లబోయాయి. ఇప్పుడున్నవి ఆ దెబ్బ తిని బతికినవి, మళ్లీ మొలిచినవి. ఒడ్డున పడిన ముక్కయినా సంచిలో వేసుకోకూడదు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. తీసుకోకపోయినా అది అక్కడే ఉండాలి.

ఇక తీరిక ఎవరికన్నది అడగాలి. మన కుటుంబం ఎక్కడికి కదిలినా వంటిల్లు వెంట కదులుతుంది. చపాతీలు, పులిహోర, పచ్చడి సీసాలు, బుల్లి కరెంటు కుక్కరు. సర్దేది అమ్మ, వండేది అమ్మ, ఉప్పునీటి బట్టలు పిండి ఆరేసేది అమ్మ. పిల్లలు నీళ్లలో ఉంటే గట్టు మీద నిలబడి కళ్లు కాయలు కాసేలా కనిపెట్టుకునేదీ ఆమే. ఊరు మారిందే గాని చాకిరీ మారలేదు. ఇంత డబ్బు పెట్టి, సముద్రం దాటి వచ్చాక కూడా ఆమె ఒక పూట వెల్లకిలా పడుకుని ఆకాశం చూడలేకపోతే ఆ సెలవు కుటుంబానిది కాదు, మిగతా వాళ్లది. కుక్కరును ఇంట్లోనే వదిలేయండి. జెట్టీ దగ్గర చిన్న హోటళ్లలో వేడి అన్నం, పప్పు, చేపల పులుసు దొరుకుతాయి. పిల్లల కాపలా నాన్న, బాబాయి, పెద్దకొడుకు వంతులవారీగా పంచుకోవాలి. రాధానగర్‌లో ఇసుక చదునుగా ఉంటుంది, వెనకే పెద్ద పెద్ద చెట్ల నీడ. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేటి తీరంగా దీన్నే ఎంచింది. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మకు ఆ నీడలో కుర్చీ వేస్తే చాలు, అలలు చూస్తూ పూటంతా గడిపేస్తుంది. ఈత మాత్రం జెండాలు పాతి అనుమతించిన మేరకే కొట్టాలి. ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి, అక్కడి హెచ్చరిక బోర్డుల్ని తేలిగ్గా తీసుకోవద్దు.

రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. అక్కడ బజారులో తెలుగు చెవిన పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి తరాలుగా స్థిరపడిన వాళ్లు చాలామంది. తెలుగు మాధ్యమంలో చదువు చెప్పే ప్రభుత్వ బడీ ఉంది. విశాఖ నుంచి ఓడ కూడా నడుస్తుంది. అది ఎప్పుడో ఒకసారే బయల్దేరుతుంది, ప్రయాణానికే రెండు మూడు రోజులు పడుతుంది. సెల్యులార్ జైలుకు ఒక పూట కేటాయించండి, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. ఆ గదుల వరుస ముందు నిలబడితే ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు.

తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి శ్రీ విజయపురంలోనే ఉండేలా చూసుకోండి. గాలివాన వస్తే ఫెర్రీలు ఆపేస్తారు. పైగా లోతు నీళ్లలో డైవింగ్ చేసినవాళ్లు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగడం మేలు. ఫెర్రీలో కడుపులో తిప్పే పెద్దవాళ్లకు డాక్టరు చెప్పిన మాత్ర ముందే వేయించి, కింది అంతస్తులో నడుమ సీటు చూసి కూర్చోబెట్టండి.

సముద్రం బాగా నెమ్మదించేది ఫిబ్రవరి, మార్చిలో. అప్పుడు పిల్లలకు పరీక్షలు. బడులు మూసేది ఏప్రిల్ చివర్లో, నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకేది మే మూడో వారం అటూ ఇటూగా. ఆ మధ్య దొరికేది మూడు వారాలు. సంక్రాంతికి ఊరెళ్లే అలవాటున్న ఇళ్లకు ఇదే సరైన అదను. ఫెర్రీ టికెట్లు, గదులు ఫిబ్రవరిలోనే చూసుకోండి. టికెట్లు తీసే ముందు ఏ రోజు ఎక్కడికన్నది అమ్మనే అడగండి, ఆమె ఖాళీగా ఉంచమన్న రోజును ఖాళీగానే ఉంచండి.