చేపకు నాడి చూడడం ఎలా?

పిల్లలూ! మీకు కడుపునొప్పి వస్తే అమ్మతో చెబుతారు. డాక్టరుగారు నాడి పట్టుకుని, నాలుక చాపమని, నాలుగు ప్రశ్నలు వేసి మందిస్తారు. మరి నోరులేని జీవాల సంగతి ఏమిటి? కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. ఎక్కడ నొప్పిగా ఉన్నదో చెప్పలేని ఆవుకూ, మేకకూ ఏం జబ్బు చేసిందో కనిపెట్టడం అక్కడి విద్యార్థులు ఏళ్ళ తరబడి నేర్చుకుంటారు. ఆవునైతే తాకి చూడవచ్చు. గాజుతొట్టిలోని చేపను మాత్రం ముందు కంటితోనే పరీక్షించాలి.

అందులోనూ సిక్లిడ్ కుటుంబం చేపలు మహా చిత్రమైనవి. వీటిలో 1,700కు పైగా రకాలున్నాయి. తొట్టెల్లో పెంచే ఏంజెల్ చేప, ఆస్కార్ చేప దక్షిణ అమెరికా నదులవి. ఆఫ్రికాలోని మలావీ సరస్సులో వందలాది రకాలున్నాయి. మన బజారులో అమ్మే తిలాపియా కూడా సిక్లిడే. మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. ఈసారి చేపల బజారుకు వెళ్ళినప్పుడు దాని ముక్కు చూడండి. రోహు చేపకు ఒక్కొక్క వైపున రెండేసి ముక్కురంధ్రాలుంటాయి. తిలాపియాకు ఒక్కొక్కటే! సిక్లిడ్లకు అది ఒక గుర్తు.

ఇప్పుడొక చిక్కుప్రశ్న. మీ తొట్టిలోని తిలాపియా నాలుగు రోజులుగా మేత ముట్టదు. దాని గొంతు కింద ఉబ్బింది. ఒక మూల దాక్కుని, నోరు మూసుకునే ఏదో నములుతున్నట్టు దవడలు ఆడిస్తున్నది. దానికేం జబ్బు?

ఏ జబ్బూ లేదు! ఆ తల్లి నోటి నిండా గుడ్లున్నాయి. గుడ్లు పెట్టగానే అది వాటిని నోట్లోకి తీసుకుంటుంది. అవి పిల్లలై ఈదేదాకా అక్కడే దాచి కాపాడుతుంది. గుడ్లన్నిటికీ మంచినీరు తగలాలని దవడలు ఆడిస్తుంది. పిల్లలు బయటికి వచ్చాక కూడా, భయం కలిగితే చటుక్కున తల్లినోట్లో దూరతాయి. ఇలా రెండు మూడు వారాలు గడుస్తాయి. అన్నాళ్ళూ తల్లికి దాదాపు ఉపవాసమే. జబ్బనుకుని మనం దాన్ని వలతో పట్టి, నీళ్ళలో మందు పోశామనుకోండి. బెదిరిపోయి గుడ్లను ఉమ్మివేస్తుంది, లేదా మింగివేస్తుంది. వైద్యం చేయబోయి వందలాది పిల్లలను చంపినవాళ్ళమవుతాము.

మలావీ సరస్సులో ఇంకొక గడుసు సిక్లిడ్ ఉన్నది. దాని ఒంటిమీద గోధుమరంగు మచ్చలుంటాయి. అది అడుగున పక్కకు ఒరిగి, చచ్చి కుళ్ళినదానిలా పడుకుంటుంది. పీక్కుతిందామని చిన్నచేపలు దగ్గరికి రాగానే, ఒక్క ఉదుటున లేచి వాటినే గుటుక్కున మింగుతుంది!

అయితే నిజమైన జబ్బును గుర్తుపట్టడం ఎలా? సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పనిచేసేవారిని గమనించండి. మగ్గం చప్పుడులో కాస్త తేడా వచ్చినా వారు ఇట్టే పసికడతారు. రోజూ వినే చప్పుడు తెలిసినవారికే తేడా తెలుస్తుంది. చేప విషయమూ అంతే. మొప్పల కదలికే దాని నాడి. చేప హాయిగా ఉన్నప్పుడు మొప్పల మూతలు నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకోండి. అనుమానం వచ్చిన రోజున మళ్ళీ లెక్కపెట్టండి. లెక్క బాగా పెరిగితే ఏదో ఇబ్బంది ఉన్నదన్నమాట.

జగిత్యాల ప్రాంతంలో నడివేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. నీరు వేడెక్కినకొద్దీ దానిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ఏడున్నరే! ఆ సమయంలో కరెంటు పోయి గాలిపంపు ఆగితే చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు తొట్టిలోని నీటినే చెంబుతో ముంచి, కాస్త ఎత్తునుంచి మెల్లగా పోస్తూ ఉండండి. గాలి కలుస్తుంది.

నీళ్ళు మార్చిన వెంటనే చేపలు గిలగిల్లాడితే నల్లా నీటిలోని క్లోరిన్‌ను అనుమానించాలి. అది మొప్పలను దెబ్బతీస్తుంది. ఆ నీటిని వెడల్పాటి పాత్రలో ఒకరోజు నిలవ ఉంచి వాడాలి. మిగిలిన మేత, రెట్ట కుళ్ళితే అమ్మోనియా అనే విషం పుడుతుంది. అందుకు మందు, కొద్దిగా మేత వేయడం, వారానికొకసారి పావువంతు నీరు మార్చడం.

ఒకే చేప నల్లబడి, రెక్కలు చినిగి, మూలన నక్కితే మిగతావి దాన్ని తరుముతున్నాయేమో చూడండి. పగిలిన కుండపెంకులు వేస్తే దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. ఒంటిమీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు లేచి, చేప రాళ్ళకు రాసుకుంటుంటే అది పరాన్నజీవి పని. దానికి మందు తప్పదు. పెద్దలతో చెప్పి, తెలిసినవారిని అడిగి వేయించాలి.

కనుక చేప తీరు మారగానే మందుసీసా వెతకవద్దు. పావుగంట సేపు కదలకుండా కూర్చుని చూడండి. ఊపిరి ఎలా ఉన్నది? రంగు మారిందా? మేత తింటున్నదా? మిగతా చేపలు దానితో ఎలా ఉన్నాయి? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు రాసుకున్నారంటే, సగం వైద్యం అయినట్టే!