దుకాణదారుడి ఫోనే గల్లాపెట్టె

2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా ఊడ్చేశారు. పోలీసులు కూపీ లాగితే, అసలు కథ 2021 నవంబర్‌లోనే మొదలైందని తేలింది. ఉద్యోగులకు 200కు పైగా ఈమెయిళ్లు వచ్చాయి. వాటిలో లింకు నొక్కింది ఇద్దరే. దొంగలు లోపలికి రావడానికి అంతే చాలింది. పైస్థాయి అధికారాలున్న కొందరి పాస్‌వర్డ్‌లు ఒకటే. శాఖలూ ప్రధాన కార్యాలయమూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

మల్కాజ్‌గిరిలో కిరాణా కొట్టో, మందుల షాపో నడుపుకునేవారికి ఈ గొడవతో పనేమిటంటారా? ఆ లోపాలు మన కౌంటర్ల వెనకా ఉన్నాయి. యూపీఐ, జీఎస్టీ ఓటీపీలు, హోల్‌సేల్ వ్యాపారితో వాట్సాప్, పిల్లల ఆటలు అన్నీ ఒకే ఫోనులో. ఎవరో ఒకరు ఏదో ఒకటి నొక్కితే అన్నీ ఒకేసారి పోతాయి.

అందుకే నా దృష్టిలో మొదటి జాగ్రత్త విడదీయడం. రోజువారీ యూపీఐ వసూళ్లకు ఒక ఖాతా పెట్టుకోండి. అందులో కొద్ది మొత్తమే ఉంచి, మిగతాది రాత్రికి ఆ ఫోనుతో సంబంధం లేని మరో ఖాతాకు మార్చండి. వీలైతే షాపు ఫోను వేరు, ఇంటి ఫోను వేరు. ఇది ఒక్కటి చేస్తే మిగతా పొరపాట్ల వల్ల జరిగే నష్టం సగం తగ్గుతుందని నా నమ్మకం.

ఇప్పుడు ఎక్కువగా దెబ్బ తీస్తున్నవి వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించే ఫైళ్లు. ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో, బ్యాంకు కేవైసీ అనో పేరు పెట్టి పంపుతారు. ఇన్‌స్టాల్ చేసి అది అడిగిన అనుమతులన్నీ ఇస్తే, మీకొచ్చే ఓటీపీలు దొంగకు కూడా కనిపిస్తాయి. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా తెరవకండి. వాళ్ల ఫోను అప్పటికే దొంగ చేతిలో ఉండి ఉండవచ్చు. జిరాక్స్ సెంటర్లవారికి ఇంకో బాధ్యత ఉంది. కస్టమర్ల ఆధార్ కాపీలు సాయంత్రానికి కంప్యూటర్‌లోంచి తీసేయాలి. బిల్లింగ్‌కు వాడే కంప్యూటర్‌లో ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవ్‌లు పెట్టకూడదు.

డబ్బు వచ్చిందో లేదో కస్టమర్ తెర చూసి నమ్మకండి. అచ్చం అసలు యాప్‌లాగే కనిపించే నకిలీ యాప్‌లతో దుకాణాలను మోసం చేసినవాళ్లను హైదరాబాద్ పోలీసులు 2021లోనే పట్టుకున్నారు. సౌండ్‌బాక్స్ పలకాలి, లేదా మీ యాప్‌లో మీరే చూసుకోవాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగితే పోవడానికే. అపరిచితుడు వచ్చి స్కాన్ చేస్తాను, క్యాష్ ఇవ్వండి అంటే మొహమాటపడకండి, కుదరదనండి. అది ఎక్కడో ఎవరినో మోసం చేసి తెచ్చిన సొమ్మయితే, పోలీసు ఫిర్యాదుతో స్తంభించేది మీ ఖాతా.

జీఎస్టీ లాగిన్ పాస్‌వర్డ్ లెక్కలు రాసే ఆయనకు ఇవ్వక తప్పకపోవచ్చు. కానీ నమోదైన మొబైల్, ఈమెయిల్ మాత్రం మీవే ఉండాలి. ఆయన మారితే పాస్‌వర్డ్ కూడా మార్చండి.

కంప్యూటర్ అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా తాకింది. అది చొరబడిన విండోస్ లోపానికి మందును మైక్రోసాఫ్ట్ అప్‌డేట్‌గా మార్చిలోనే విడుదల చేసింది. బిల్లులు, బాకీల వివరాలు వారానికోసారి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని పీకి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే వైరస్ దాన్నీ మింగుతుంది.

ఇంత చేసినా డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. దొంగ ఖాతాలు మారుస్తూ పోయేలోపు ఫిర్యాదు అందితేనే సొమ్మును మధ్యలో ఆపగలరు. ఆ నంబరు కౌంటర్ దగ్గర రాసి అతికించండి, షాపులో పనిచేసే కుర్రాడికీ చెప్పి ఉంచండి.