విడవడం తెలిసిన స్విచ్చు: రిలే జీవితకథ

సన్నని విద్యుత్ ప్రవాహంతో పెద్ద ప్రవాహాన్ని అదుపు చేసే సాధనాన్ని రిలే అంటారు. మెత్తని ఇనుప కడ్డీ మీద చుట్టిన రాగితీగ చుట్ట, అంటే కాయిల్, దానికి ఎదురుగా స్ప్రింగు బిగువుతో నిలిచే ఇనుప రేకు, ఆ రేకు కదలికను బట్టి కలిసే, విడిపోయే లోహపు మొనలు దాని ముఖ్యభాగాలు. కాయిల్‌లో కరెంటు పారగానే కడ్డీ అయస్కాంతమై రేకును లాక్కుంటుంది; అప్పుడు మొనలు కలిసి, కాయిల్‌తో సంబంధం లేని రెండో విద్యుత్ మార్గం పూర్తవుతుంది. కాయిల్‌లో కరెంటు ఆగితే స్ప్రింగు రేకును వెనక్కి లాగి ఆ మార్గాన్ని తెంచుతుంది. చెరువు కట్ట మీద ఒక్క మనిషి తూము ఎత్తి ఆయకట్టంతటికీ నీరు వదిలినట్టుగా, రిలేలో చిన్న శక్తి పెద్ద శక్తికి దారి తెరుస్తుంది, దారి మూస్తుంది.

విద్యుత్తు పారుతున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ గమనించడంతో ఈ కథ మొదలైంది. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ ఇనుప కడ్డీకి తీగ చుట్టి విద్యుదయస్కాంతాన్ని తయారుచేశాడు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకు బట్టతో తొడుగు వేసి, చుట్టు మీద చుట్టు వేయడం ద్వారా దాని బలాన్ని ఎన్నో రెట్లు పెంచి, 1835 ప్రాంతంలో ప్రిన్స్‌టన్‌లో, దూరం నుంచి వచ్చే బలహీనమైన కరెంటుతో దగ్గరలోని బలమైన వలయాన్ని కలిపి, విడదీసి చూపించాడు. ఇంగ్లండులో ఎడ్వర్డ్ డేవీ ఇదే సూత్రాన్ని తంతి యంత్రానికి జోడించి 1838లో పేటెంటు పొందాడు. పొడవాటి తీగ నిరోధం వల్ల క్షీణించిన సంకేతం తన మిగిలిన కొద్దిపాటి బలంతో కొత్త బ్యాటరీకి దారి తెరిస్తే, అది మళ్లీ పూర్తి బలంతో ముందుకు సాగుతుంది. 1844లో వాషింగ్టన్, బాల్టిమోర్ల మధ్య సందేశం పంపిన శామ్యూల్ మోర్స్ తంతి వ్యవస్థ ఖండాలకు విస్తరించగలగడానికి ఈ ఉపాయమే ఆధారం. మన దేశంలో 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ల మధ్య మొదలైన తంతి 2013 జూలైలో ముగిసిపోయింది. దానితో పుట్టిన రిలే మాత్రం ఇంకా పనిలోనే ఉంది.

కలపడం ఏ స్విచ్చయినా చేయగల పని, కాని ఆజ్ఞ ఆగిన మరుక్షణం దానంతట అదే విడిచిపెట్టడం రిలేకున్న అసలు గుణం. ఈ గుణాన్ని ప్రాణరక్షణకు వాడినవాడు అమెరికా ఇంజనీరు విలియం రాబిన్‌సన్. 1872లో పేటెంటు పొందిన అతని పద్ధతిలో రైలు పట్టాల గుండా చిన్న కరెంటు పారి రిలేను పట్టి ఉంచుతుంది. ఆ పట్టాల మీదికి రైలు వచ్చినా, పట్టా విరిగి కరెంటు తెగినా, బ్యాటరీ అయిపోయినా రిలే విడిచిపెడుతుంది, సిగ్నల్ ఎరుపుకు మారుతుంది. లోపం ఎక్కడ తలెత్తినా ఫలితం ప్రమాదం వైపు కాక ఆగడం వైపు ఉండాలనే ఈ నియమం ఇంజనీరింగ్‌కు రిలే నేర్పిన పాఠం. 1941లో బెర్లిన్‌లో కొన్రాడ్ జూజే దాదాపు 2,600 రిలేలతో నిర్మించిన జెడ్3 గణనయంత్రం, ఇదే పట్టు విడుపులతో లెక్కలు కూడా చేయవచ్చని నిరూపించింది.

ఇవే పట్టు విడుపులు మన పొలాల్లోనూ పనిచేస్తున్నాయి; శ్రీ సత్యసాయి జిల్లాలో చిత్రావతి తీరాన ఉన్న గోరంట్లనే చూడండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ పీఠభూమిలో రైతు బోరుబావి మీద ఆధారపడతాడు; బోరు మోటారు నడిపే స్టార్టరు పెట్టెలో ఉండే కాంటాక్టరు, పెద్ద కరెంటును మోయడానికి పెరిగిన రిలేయే. సరఫరా పోగానే దాని కాయిల్ పట్టు వదిలి మోటారును లైను నుంచి విడదీస్తుంది కాబట్టి, ప్రత్యేకంగా ఆటో స్టార్టరు అమర్చుకుంటే తప్ప, కరెంటు తిరిగి రాగానే మోటారు దానంతట అది తిరగదు.

అదే రైతు పొలానికి వెళ్లే మోటారుసైకిల్‌కు కూడా ఈ సూత్రం అంతే అవసరం. ఫోన్ ఛార్జరు, అదనపు దీపాలు, గట్టి హారను వంటివి బండికి తర్వాత తగిలించేటప్పుడు సాధారణంగా రెండు తప్పుదారులు కనిపిస్తాయి. మొదటిది, వాటిని నేరుగా బ్యాటరీకి కలపడం: వాడకపోయినా 20 మిల్లీఆంపియర్లు లాగే ఛార్జరు రోజుకు దాదాపు అర ఆంపియర్-గంట తినేస్తుంది కాబట్టి, 5 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీ పది రోజుల్లో ఖాళీ అవుతుంది. రెండోది, తాళం స్విచ్చు నుంచి వచ్చే తీగనే కోసి, భారమంతా దాని మీద వేయడం: 20 వాట్ల దీపాలు రెండు, 10 వాట్ల ఛార్జరు కలిస్తే 12 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్లు దాటుతాయి. దుమ్ముపట్టి అరిగిన స్విచ్చు మొనల నిరోధం 0.1 ఓమ్ ఉంటే, 5 ఆంపియర్ల దగ్గర అర వోల్టు అక్కడే పోయి, 2.5 వాట్ల వేడి ఆ చిన్న మొనల మీదే పుడుతుంది.

రిలే ఈ రెండు దోషాలనూ ఒకేసారి తొలగిస్తుంది. వాహనాల్లో వాడే నాలుగు కాళ్ల 12 వోల్టుల రిలేలో 85, 86 అనే కాళ్లు కాయిల్‌వి, 30, 87 అనేవి మొనలవి. తాళం తిప్పగానే వెలిగే వెనుక దీపపు తీగ నుంచి చిన్న పాయ 86కు, బండి ఫ్రేము, అంటే ఎర్తు, 85కు కలుస్తాయి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చిన లావు తీగ 30కు, పరికరాలకు పోయే తీగ 87కు చేరతాయి. కాయిల్ నిరోధం సుమారు 85 ఓమ్‌లయితే అది తీసుకునే కరెంటు 0.14 ఆంపియర్లే కాగా, మొనలు 30 ఆంపియర్లకు తగినట్టు తయారై ఉంటాయి. తాళం ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది, భారాన్ని బ్యాటరీ నుంచి వచ్చిన లావు తీగ మోస్తుంది, తాళం తీయగానే అన్నీ ఆగిపోతాయి.

ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి, ఎందుకంటే రాపిడికి తొడుగు చిరిగిన తీగ ఫ్రేముకు తగిలితే, ఫ్యూజుకు ముందున్న భాగాన్ని ఏదీ కాపాడలేదు. పైన చెప్పిన భారానికి 7.5 ఆంపియర్ల ఫ్యూజు, దానికి తగిన మందం ఉన్న తీగ సరిపోతాయి. కాయిల్‌లో కరెంటు ఆగిన క్షణంలో, కూలిపోతున్న అయస్కాంత క్షేత్రం ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది కనుక, ఎలక్ట్రానిక్ పరికరాలున్న బండిలో కాయిల్‌కు అడ్డంగా డయోడు, అంటే కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం, ఉన్న రిలేను ఎంచుకోవడం మేలు; అటువంటి రిలేకు 86 వైపే ప్లస్ రావాలి. రిలే శక్తిని పుట్టించదనీ, బండి ఆల్టర్నేటరు ఇవ్వగలిగినదానికి మించి దీపాలు తగిలిస్తే బ్యాటరీ ఎలాగూ తరిగిపోతుందనీ గుర్తుంచుకోవాలి.

రెండు శతాబ్దాలకు దగ్గరవుతున్న వయసులో కూడా రిలే స్థానం చెక్కుచెదరకపోవడానికి కారణం దాని బలం కంటే దాని విధేయత. బండికి ఏ పరికరం తగిలించుకునేవారైనా, తాళం తీసిన తర్వాత అది నిజంగా ఆగుతోందా, దాని తీగకు మొదట్లోనే ఫ్యూజు ఉందా అనే రెండు ప్రశ్నలు మెకానిక్‌ను అడిగి, రెండింటికీ అవునని జవాబు వచ్చేదాకా బండి బయటికి తీయకూడదు.