మీకు తెలుసా? రీలు తుపాకీ కథ
దీపావళికి మనం 'టప్' మని పేల్చిన రీలు తుపాకీకి తాతలాంటి బొమ్మలు 19వ శతాబ్దపు అమెరికాలో పోత ఇనుముతో తయారయ్యాయి. కనెటికట్ రాష్ట్రం క్రామ్‌వెల్‌లోని జె. అండ్ ఇ. స్టీవెన్స్ కంపెనీ వాటికి పెట్టింది పేరు. 1950లలో టీవీ కౌబాయ్‌ల మోజు పెరిగాక జింకు మిశ్రమలోహపు తుపాకులు వచ్చిపడ్డాయి.

రీలు మీది చుక్కలో ఉండేది పొటాషియం క్లోరేట్, ఎర్ర భాస్వరం. పేలాక మిగిలే ఉప్పు తేమ పట్టి లోహాన్ని తినేస్తుంది. అందుకే ఒక్కసారీ పేల్చని తుపాకీ, అదీ అట్టపెట్టెతో సహా దొరికితే, సేకరించేవాళ్లకు పండగే!

1989 నుంచి అమెరికాలో బొమ్మ తుపాకీ గొట్టం కొసకు నారింజ రంగు తప్పనిసరి. అది లేకపోతే పాతదని ఒక ఆనవాలు. రంగు గీకేసిన కొత్తవీ ఉండొచ్చు, చూసి కొనాలి.