నొప్పి లేని పుండు

మధుమేహము గలవారి పాదమునకు గాయమైనపుడు ఇంటివద్ద చేయదగినదేమి, చేయరానిదేమి అను విషయమును నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల కుటుంబములను ముఖ్యముగా తలచుకొని చెప్పుచున్నాము. అచ్చటి నేల పాదములను మన్నించునది కాదు. గనుల చుట్టును పలకరాతి పెళ్లలు, చేలగట్ల వెంట సర్కారుతుమ్మ ముండ్లు. వట్టికాళ్లతో పనిలోనికి దిగువారును కలరు.

ముల్లు గుచ్చుకొన్నవాడు కుంటును. ఆ కుంటుటయే పాదమునకు రక్ష. గాయముపై బరువు తగ్గి అది మానును. కాని రక్తములో చక్కెర ఏండ్లతరబడి హెచ్చుగా నున్నచో పాదముల నరములు మొద్దుబారును. ముల్లు దిగినను తెలియదు. రక్తనాళములు ఇరుకై గాయము మానుటకు వలసిన రక్తము కూడ అందకపోవచ్చును. "నొప్పి లేదు గదా" యని ఆ కాలితోనే నడచుటవలన చిన్నపుండు ఎముకదాక పోవును.

ఈ సత్యము మన పొరుగుననే తేటపడినది. 1946లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠురోగులను పరీక్షించి, వారి వ్రేళ్లు రోగము తినివేయుటచేత గాక, స్పర్శ లేని అవయవమునకు మరల మరల దెబ్బ తగులుటచేతనే పోవుచున్నవని తెలిపెను. 1966లో అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రికి వెళ్లిన పిమ్మట మధుమేహ రోగుల పాదములకును ఆ సూత్రమునే అన్వయించెను. మందుకంటె ముందు పుండుపై బరువు తొలగవలెను.

కావున గాయము కనబడినంతనే ఆ కాలితో నడక మానవలెను. చేతులు సబ్బుతో కడుగుకొని, కాచి చల్లార్చిన నీటితో గాని సెలైనుతో గాని పుండును కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ పరచి, బిగింపక కట్టవలెను. ప్రతిదినము కట్టు మార్చవలెను. మధుమేహపు మందును గాని ఇన్సులినును గాని స్వంతముగా ఆపరాదు.

ఆకుపసరు, సున్నము, బూడిద పుండులో పెట్టరాదు. వేడినీటి కాపడము అసలే కూడదు. స్పర్శ లేని కాలు బొబ్బలెక్కినను రోగికి తెలియదు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు.

ఇంటి కట్టు వైద్యునికి బదులు కాదు. అరికాలి పుండు ఎంత చిన్నదైనను ఒకటి రెండు రోజులలో ప్రభుత్వాసుపత్రిలో చూపవలెను. ఎరుపు వ్యాపించినను, వాచినను, చీము పట్టినను, దుర్వాసన వచ్చినను, వ్రేలు నల్లబడినను, జ్వరము తగిలినను ఆ దినమే పోవలెను. గిద్దలూరునుండి ఒంగోలు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఒకనాటి కూలి పోవునని ఆగువారి కష్టము మేమెరుగుదుము. కాని ఆ ఆలస్యమునకు మూల్యము ఒక్కొక్కప్పుడు కాలే.

గాయము లేని దినములందును రాత్రి పండుకొనబోవుముందు అరికాళ్లను, వ్రేళ్ల సందులను దీపపు వెలుగున చూచుకొనవలెను. వంగలేనివారు అద్దము నేలపై నుంచి చూడవచ్చును. చూపు మందగించిన పెద్దల పాదములను మనుమడో మనుమరాలో చూడవలెను. చెప్పు తొడుగుకొనుటకు ముందు దానిని దులిపి, లోపల చేతితో తడవి చూడుడు. పాదము చెప్పలేని మాట చేతికి తెలియును.